మొదటి హాఫ్ మారథాన్: ఎక్కడ తేడా కొడుతోంది, ఎందుకు, ఏం చెయ్యాలి

హాఫ్‌కి (దాదాపు 21 కిలోమీటర్లు) పేరిచ్చాక వచ్చే డౌట్లన్నీ దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఫలానా చోట నొప్పి, ఫలానా కిలోమీటర్ దగ్గర ఆగిపోయాను, ఏం వేసుకోవాలి? నొప్పి ఎక్కడుందో అందరూ చెప్తారు, దానికి ముందు ఏం చేశారో మాత్రం అడిగితే తప్ప చెప్పరు. పరుగులో ఇబ్బంది బయటపడే చోటు వేరు, పుట్టిన చోటు వేరు. పదహారో కిలోమీటర్‌లో కాళ్లు ఆగిపోతే దానికి కారణం రెండో కిలోమీటర్‌లో ఉండొచ్చు, ఈ రోజు మోకాలి నొప్పికి కారణం మూడు వారాల కిందటి ఆదివారంలో ఉండొచ్చు. అందుకే కింద ప్రతిదానికీ కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

రెండు మూడు కిలోమీటర్లకే రొప్పు వస్తోంది

ఊపిరితిత్తులు వీక్ అనుకుంటారు. చాలాసార్లు అదేం కాదు, స్పీడ్ ఎక్కువ, అంతే. కొత్తవాళ్లకి రెండే తెలుసు: నడవడం, లేదంటే కుక్క వెంటపడినట్టు పరుగెత్తడం. మధ్యలో ఉండే నిదానమైన పరుగు అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. టెస్ట్ సింపుల్: పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. పక్కన ఎవరూ లేకపోతే పదమూడో ఎక్కం బయటికి అప్పజెప్పండి, మధ్యలో ఊపిరి అందకపోతే (ఎక్కం మర్చిపోతే కాదు) తగ్గించండి. అప్పటికీ కుదరకపోతే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇది మొదటి నిమిషం నుంచే చెయ్యాలి, అలిసిపోయాక నడవడం వేరే సంగతి. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన జెఫ్ గాలోవే ఈ పద్ధతిని ప్రపంచమంతా పాకేలా చేశాడు కాబట్టి సిగ్గుపడాల్సిన పనేం లేదు.

వారాల తరబడి నిదానంగా పరుగెత్తినా ఆయాసం తగ్గకపోతే, ఇంట్లో మెట్లెక్కినా వస్తుంటే, ముఖ్యంగా ఆడవాళ్లు, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే టెస్ట్) కూడా చూపించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 లెక్కలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్నప్పుడు ట్రైనింగ్ ప్లాన్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట దాటాక తాగండి, తిండిలోని ఐరన్‌ని అది ఒంటికి పట్టనివ్వదు. ఆయాసంతో పాటు ఛాతీలో బరువు, కళ్లు తిరగడం ఉంటే మాత్రం పరుగు ఆపి ముందు గుండె డాక్టర్‌ని కలవండి.

వాచ్‌లో హార్ట్‌రేట్ 185 అంటోంది, నాకేమో హాయిగానే ఉంది

వాచ్ వదులుగా ఉంది. ఒక్కోసారి మణికట్టు దగ్గరి సెన్సర్ గుండె కొట్టుకోవడం బదులు మీ అడుగుల లయని లెక్కేస్తుంది. మణికట్టు ఎముకకి కాస్త పైన, బిగుతుగా పెట్టుకోండి. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క కూడా ఒక అంచనా మాత్రమే, దాన్ని పట్టుకుని టెన్షన్ పడొద్దు.

కాలు నొప్పి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే "మోకాలి నొప్పి" అనే ఒక్క మాట వెనక రెండు మూడు వేర్వేరు సమస్యలుంటాయి.

మోకాలి చిప్ప చుట్టూ, వెనకాల నొప్పి, మెట్లు దిగేటప్పుడు, సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుని లేచినప్పుడు ఎక్కువ: ఇది చిప్ప మీద భారం పెరగడం వల్ల వచ్చేది. తొడ కండరాలు, పిరుదుల కండరాలు వీక్‌గా ఉండగానే కిలోమీటర్లు పెంచేశారన్నమాట. నొప్పి లేకుండా ఎంత దూరం వెళ్లగలరో అంతకే తగ్గించండి, అడుగులు చిన్నవి చేసి కాస్త వేగంగా వెయ్యండి, వారానికి రెండుసార్లు గుంజీలు, స్టెప్-అప్స్ (మెట్టు ఎక్కి దిగడం), బ్రిడ్జ్‌లు (వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తడం) చెయ్యండి. పూర్తిగా మంచం ఎక్కితే నొప్పి పోతుంది కానీ మళ్లీ మొదలుపెట్టగానే తిరిగొస్తుంది.

మోకాలి బయటివైపు నొప్పి, మొదట ఏమీ ఉండదు, ఏ ఆరో కిలోమీటర్‌కో కచ్చితంగా మొదలవుతుంది, దిగుడులో చంపేస్తుంది: ఇది ఐటీ బ్యాండ్, అంటే తుంటి నుంచి తొడ బయటివైపుగా మోకాలి కింది దాకా ఉండే పట్టీ. వాలుగా ఉన్న రోడ్డులో ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తేవాళ్లకి కూడా వస్తుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది కదా. కొన్నాళ్లు దిగుళ్లు మానండి, చదునైన చోటికి మారండి, పక్కకి పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం రోజూ చెయ్యండి. ఫోమ్ రోలర్ (కండరాల్ని నొక్కే గుండ్రటి దిమ్మె) మీద ఏడుస్తూ దొర్లినంత మాత్రాన తగ్గదు, తుంటి కండరాలకి బలం రావాలి.

కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి, జానెడు మేర నొప్పి ఉంటే షిన్ స్ప్లింట్స్. మామూలుగా కిలోమీటర్లు ఒక్కసారిగా పెంచినవాళ్లకి, సిమెంట్ రోడ్డు మీదే పరుగెత్తేవాళ్లకి, అరిగిన షూ వదలనివాళ్లకి వస్తుంది (500–800 కిలోమీటర్లు దాటిన షూ బయటికి కొత్తగానే కనిపిస్తుంది, నమ్మొద్దు). రెండు వారాలు తగ్గిస్తే సర్దుకుంటుంది. కానీ ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడే" అని చూపించగలిగే నొప్పి, ఒంటికాలి మీద గెంతితే జివ్వుమనేది, రాత్రి పడుకున్నా ఉండేది అయితే ఎముకలో సన్నని పగులు కావొచ్చు. అప్పుడు పరుగు పూర్తిగా బంద్, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మొదట్లో ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనపడదు, ఎంఆర్‌ఐ అడిగితే వాళ్లేదో డబ్బు గుంజుతున్నారని అనుకోకండి.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టుంటే ప్లాంటర్ ఫాసియైటిస్, అంటే అరికాలి కింది పట్టీకి వచ్చే ఇబ్బంది. పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయి, వాటిని సాగదీయండి, మంచం దిగకముందే పాదాన్ని పైకి వంచండి, ఇంట్లో బండల మీద ఉత్త కాళ్లతో తిరగడం కొన్నాళ్లు మానండి.

వీటన్నిటికీ ఒకటే మాట: రేస్ రోజు పొద్దున నొప్పి మాత్ర వేసుకుని వెళ్లొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని, చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గిన స్థితిలో రెండు మూడు గంటలు పరుగెత్తితే కిడ్నీల మీద పడుతుంది.

పదిహేను, పదహారు దగ్గర కాళ్లు ఆగిపోతున్నాయి

అందరూ దీన్ని "గోడ" అంటారు, గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) అయిపోయింది అంటారు. లెక్కేసి చూద్దాం. పరుగులో కిలో బరువుకి, కిలోమీటర్‌కి దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి 21.0975 కిలోమీటర్లకి సుమారు 1,500. బాగా తిని నిద్రపోయిన మనిషి కండరాల్లో, కాలేయంలో ఉండే నిల్వ దాదాపు దానికి సరిపోతుంది, పైగా కొంత కొవ్వు నుంచి కూడా వస్తుంది. అంటే ఫుల్ మారథాన్‌లో ముప్పై దాటాక వచ్చే ఆ గోడ హాఫ్‌లో రావాలన్న రూలేం లేదు. హాఫ్‌లో ఆగిపోయేవాళ్లలో ఎక్కువమంది మొదట్లో ఆవేశపడ్డవాళ్లు, లేదా లాంగ్ రన్ (ట్రైనింగ్‌లో చేసే పొడవైన పరుగు) పది కిలోమీటర్లు దాటించనివాళ్లు.

రెండున్నర గంటల్లో పూర్తి చెయ్యాలంటే కిలోమీటర్‌కి 7 నిమిషాల 6 సెకన్లు. మైక్‌లో పాటలు, డప్పులు, చుట్టూ జనం, వాచ్ చూస్తే 6:20. "బాగానే ఉంది కదా" అనిపిస్తుంది. బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ అప్పు ఇంకా ఎవరూ అడగలేదు. మొదటి మూడు కిలోమీటర్లు 7:20–7:30లో వెళ్లండి, అందరూ దాటేసి పోతున్నా సరే. వాళ్లలో సగంమంది పద్నాలుగు తర్వాత నడుస్తూ కనిపిస్తారు.

ఇక హైదరాబాద్‌వాళ్లకి ఇంకో చిక్కు. నెక్లెస్ రోడ్డు మీద చదునుగా ప్రాక్టీస్ చేసి, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి వెళ్తే అక్కడ ఫ్లైఓవర్లు ఎక్కించి దింపుతారు. పేస్ (కిలోమీటర్‌కి పట్టే సమయం) చూసుకుంటూ ఫ్లైఓవర్ ఎక్కకండి, ఊపిరి చూసుకుంటూ ఎక్కండి, కిలోమీటర్‌కి నిమిషం పోయినా పర్వాలేదు. దిగేటప్పుడు పెద్ద అంగలు వేసి బ్రేకులు కొట్టినట్టు దిగితే తొడలు అక్కడే అయిపోతాయి. ట్రైనింగ్‌లోనే వారానికోసారి కేబీఆర్ పార్క్ చుట్టూ, లేదా మీ ఇంటి దగ్గర ఏ ఎత్తు రోడ్డు ఉంటే అక్కడ పరుగెత్తండి. వైజాగ్‌వాళ్లయితే ఆర్కే బీచ్ దగ్గరే ఆగిపోకుండా కైలాసగిరి దాటి రుషికొండ వైపు వెళ్తే చాలు, రోడ్డే నేర్పిస్తుంది.

లాంగ్ రన్ విషయానికొస్తే, రేస్‌కి ముందు 16–18 కిలోమీటర్లు ఒకటి రెండుసార్లు చేసి ఉండాలి, చివరిది రెండు వారాల ముందే అయిపోవాలి. మూడు వారాలు పెంచుతూ పోయి, నాలుగో వారం తగ్గించండి. మిస్సయిన వారాలన్నీ ఆఖరి వారంలో పూడ్చుదామనుకుంటే పైన చెప్పిన కాలు నొప్పుల దగ్గరికి మళ్లీ వస్తారు.

తిండి అస్సలు అక్కర్లేదని కాదు. రెండు గంటలు దాటే పరుగుకి గంటకి 30–60 గ్రాముల పిండిపదార్థం పడితే చివర్లో తేడా తెలుస్తుంది. జెల్ (రన్నర్ల కోసం ప్యాకెట్లో వచ్చే చిక్కటి తియ్యటి పాకం) ఒకదాంట్లో అది 20–25 గ్రాములు ఉంటుంది, నీళ్లతో తీసుకోవాలి. ఆకలేసేదాకా ఆగకుండా నలభై ఐదో నిమిషంలోనే మొదలుపెట్టండి. జెల్ నచ్చకపోతే ఖర్జూరాలు, అరటిపండు. పల్లీపట్టీ రుచిగా ఉంటుంది కానీ రొప్పుతూ నమలడం మీ వల్ల కాదు.

కడుపులో గడబిడ, అర్జెంటు

కారణం ముందు రోజు రాత్రి ప్లేట్‌లో ఉంది. చొక్కాకి పెట్టుకునే రేస్ నంబర్ తీసుకోవడానికి వెళ్లి, అటు నుంచి అటే బిర్యానీకి వెళ్లే ఆచారం ఒకటుంది మన దగ్గర, ఆ బిర్యానీని రేస్ అయ్యాక పెట్టుకోండి. ముందు రోజు నూనె, మసాలా, ఆవకాయ, రాజ్మా, పచ్చి సలాడ్లు తగ్గించి అన్నం, పెరుగు, పల్చటి పప్పుచారు లాంటివి తినండి. పొద్దున రేస్‌కి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, లేదా బ్రెడ్ మీద తేనె. ఇడ్లీతో పల్లీ చట్నీ ఆ ఒక్క రోజు వద్దు. ఇవన్నీ లాంగ్ రన్ రోజుల్లో ముందే తిని చూసుకోవాలి, ఎవరో ఇచ్చిన కొత్త జెల్ రేస్‌లో మొదటిసారి నోట్లో పెట్టుకోవద్దు.

డొక్కలో పట్టేస్తే వేగం తగ్గించి, పట్టిన చోట వేళ్లతో నొక్కుతూ, గాలి మొత్తం బయటికి వదలండి. తినగానే పరుగెత్తినా, ఒకేసారి గ్లాసుడు నీళ్లు తాగినా ఇలాగే పట్టేస్తుంది.

తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం

ఇక్కడ రెండు వ్యతిరేక కారణాలున్నాయి, జాగ్రత్త. ఒకటి వేడి. ఆగస్టులో ఉష్ణోగ్రత ఇరవై నాలుగే అయినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రెండోది, ప్రతి స్టాల్ దగ్గరా భయంతో ఉత్త నీళ్లు తాగేయడం. అప్పుడు రక్తంలో సోడియం పల్చబడుతుంది: తలనొప్పి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తికమక. నీళ్లు ఎంత కావాలో తెలుసుకోవడానికి గంట పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి, తగ్గిన కిలో అంటే సుమారు లీటరు చెమట. అదంతా పూడ్చక్కర్లేదు, దాహం వేస్తే తాగండి, పరుగుకి ముందున్న దానికంటే బరువు పెరిగేలా మాత్రం తాగొద్దు.

ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు పెద్ద ప్యాకెట్‌కి లీటరు నీళ్లు. చిన్న సీసాలో మొత్తం కొట్టేసి చిక్కగా తాగితే వాంతులే. డబ్బాల్లో దొరికే తియ్యటి డ్రింకులన్నీ ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) అలాంటి వాటి మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

పక్కనున్న రన్నర్ తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అతనికి నీళ్లు తాగించే ప్రయత్నం చెయ్యకండి. నీడలోకి తీసుకెళ్లి, మెడికల్ టీమ్‌ని పిలవండి, దగ్గర్లో లేకపోతే 108. ఒళ్లు కాలిపోతుంటే చన్నీళ్లు, ఐసు ఒంటి మీద పొయ్యండి, వాళ్లొచ్చేదాకా ఆపొద్దు.

చిన్నవే కానీ ఏడిపించేవి

తొడలు, చంకలు ఒరుసుకుపోవడం, మగవాళ్లకి చొక్కా మీద రక్తపు మరకలు: వాజిలీన్, చనుమొనల మీద టేప్. రేస్‌లో ఇచ్చిన టీషర్ట్ ఆ రోజే వేసుకోకండి. గోళ్లు నల్లబడితే షూ చిన్నది, ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బినప్పుడే కొనండి. వాచ్‌లో 21.4 వచ్చిందా? మలుపుల్లో బయటి అంచున తిరిగారు, కొంత జీపీఎస్ తేడా, నిర్వాహకులతో గొడవ అక్కర్లేదు. ముందు రాత్రి నిద్ర పట్టలేదా? ఎవరికీ పట్టదు, అంతకు ముందు రెండు రాత్రులు బాగా పడుకోండి. వారం లోపల జ్వరం వచ్చి తగ్గిందా? ఈ రేస్ వదిలెయ్యండి, ఇంకోటి ఉంటుంది.

గీత దాటగానే కళ్లు చీకట్లు కమ్మాయి

ఠక్కున ఆగిపోయారు. పరుగెత్తేటప్పుడు పిక్కలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి, అవి ఆగగానే రక్తం కాళ్లలోనే నిలిచి బీపీ పడిపోతుంది. మెడల్ మెడలో పడ్డాక కూడా పది నిమిషాలు నడుస్తూనే ఉండండి, ఫోటో కూడా నడుస్తూనే తీయించుకోండి. అయినా తగ్గకపోతే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టాలి. మర్నాడు కంటే ఆ పై రోజు తొడలు ఇంకా నొప్పి పుడతాయి, అది మామూలే. మూత్రం కోకాకోలా రంగులో వస్తే మాత్రం మామూలు కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.