పిల్లల ఐఈపీ ఎవరు రాయాలి, రాసేవాళ్లకి అర్హత ఉందో లేదో ఎలా చూసుకోవాలి

స్కూల్ వాళ్లు "మీ బాబుకి ఐఈపీ చేయించుకుని రండి" అని ఒక్క మాట అనేసి వదిలేస్తారు, ఎవరి దగ్గర చేయించాలో మాత్రం చెప్పరు. ఇంక పేరెంట్స్ కూకట్‌పల్లి నుంచి ఎల్బీ నగర్ దాకా థెరపీ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ తిరగడమే. ఒకాయన పీడియాట్రీషియన్‌ని అడుగుతాడు, ఇంకొకామె ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసిన కౌన్సెలర్ దగ్గరికి వెళ్తుంది, డబ్బులు కట్టి నాలుగు పేజీల కాగితం తెచ్చుకుంటారు, తీరా చూస్తే స్కూల్లో దాన్ని ఎవరూ తెరిచి చూడరు. నేను ఈ ఫీల్డ్‌లోనే ఉన్నా కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ఐఈపీ అంటే ఇండివిడ్యువలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్, అంటే వైకల్యం గానీ నేర్చుకోవడంలో ఇబ్బంది గానీ ఉన్న ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్లాన్. ఈ పాపకి ఇప్పుడు ఏం వచ్చు, ఈ ఏడాదిలో ఏం నేర్పాలి, ఎవరు నేర్పుతారు, వచ్చిందో లేదో ఎప్పుడు చూస్తారు, ఇంతే అందులో ఉండేది. ఇది రాయాల్సింది స్పెషల్ ఎడ్యుకేటర్. అంటే ఆర్‌సీఐ, అదే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కాలేజీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డీఎడ్ గానీ బీఎడ్ గానీ ఆపైన గానీ చేసి, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్న మనిషి. మామూలు బీఎడ్ చేసి ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన టీచర్ అయినా సరే, ఈ రిజిస్ట్రేషన్ లేకపోతే స్పెషల్ ఎడ్యుకేటర్ అని సంతకం పెట్టకూడదు. 1992 ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలేనండి, అందుకే ఎవరికీ పెద్దగా భయం ఉన్నట్టు కనబడదు.

చెక్ చేయడం చాలా ఈజీ, కానీ మనవాళ్లు మొహమాటపడతారు. "మేడమ్, మీ సీఆర్‌ఆర్ నంబర్ ఒకసారి ఇస్తారా, స్కూల్ వాళ్లు అడుగుతున్నారు" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టేయండి, నెపం స్కూల్ మీద తోసేస్తే ఎవరూ ఫీల్ అవ్వరు. సీఆర్‌ఆర్ అంటే సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్. నంబర్ వచ్చాక ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, పేరు అదేనా, ఏ కేటగిరీలో ఉన్నారు, రెన్యువల్ అయిందా, ఈ మూడూ చూస్తే చాలు. కేటగిరీ మాత్రం లైట్ తీసుకోవద్దు, ఎందుకంటే స్పెషల్ బీఎడ్‌లో వినికిడి లోపానికి వేరు, చూపు లోపానికి వేరు, మేధో వైకల్యానికి వేరు, లెర్నింగ్ డిజెబిలిటీకి వేరు, అలా స్పెషలైజేషన్లు ఉంటాయి. మీ పిల్లాడికి ఆటిజం ఉంటే, బ్రెయిల్ నేర్పడంలో స్పెషలైజ్ అయిన ఆవిడ ఎంత మంచి టీచర్ అయినా ప్లాన్ మొత్తం ఆవిడ చేతిలో పెట్టడం కరెక్ట్ కాదు.

"నంబర్ ప్రాసెస్‌లో ఉంది" అంటే వచ్చాకే కలుద్దాం అని చెప్పేయండి.

మరి సైకాలజిస్ట్ సంగతేంటి అంటారు. క్లినికల్ సైకాలజిస్ట్ ఐక్యూ, డెవలప్‌మెంట్, లెర్నింగ్ టెస్టులు చేసి రిపోర్ట్ ఇస్తారు, వాళ్లకీ ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిపోర్ట్ లేకుండా ఐఈపీ మొదలెడితే గాల్లో బాణం వేసినట్టే, కానీ రిపోర్టే ఐఈపీ కాదు. దాని చివరి పేజీలో "రెమిడియల్ టీచింగ్ అవసరం" అని ఒక లైన్ ఉంటుంది చూశారా, ఆ లైన్‌ని ఏడాది పనిగా మార్చేది స్పెషల్ ఎడ్యుకేటర్. స్పీచ్ థెరపిస్ట్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ వాళ్ల వాళ్ల గోల్స్ ఇస్తారు. డాక్టర్ డయాగ్నోసిస్ ఇస్తారు, గుణింతాలు ఎలా నేర్పాలో ఆయన్ని అడగొద్దు పాపం. షాడో టీచర్, అంటే క్లాసులో పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసేవాళ్లు, ప్లాన్ అమలు చేసే మనిషి, రాసే మనిషి కాదు.

అందరూ మర్చిపోయేది క్లాస్ టీచర్‌ని. రోజుకి ఆరు గంటలు పిల్లాడు ఉండేది ఆవిడ దగ్గర, ఆవిడని అడక్కుండా బయట సెంటర్‌లో రాసిన ప్లాన్ ఎంత అందంగా బైండింగ్ చేసినా బీరువాలోకే పోతుంది. తర్వాత మీరు. ఇంట్లో పిల్లాడు దేనికి చిరాకు పడతాడో, లిఫ్ట్ బటన్ల మీద నంబర్లు ఎలా గుర్తుపడతాడో మీకే తెలుసు, అది చెప్పండి, రాయించండి, అప్పుడే సంతకం పెట్టండి.

రాసింది మంచిదో కాదో గోల్స్ చూస్తే తెలిసిపోతుంది. "తెలుగు చదవడం మెరుగుపరచాలి" అని ఉంటే అది ఎవరికైనా అతుకుతుంది. "ఇప్పుడు కి, కీ తేడా తెలియట్లేదు, గుడి ఉన్న పదాలు, గుడిదీర్ఘం ఉన్న పదాలు కలిపి పది ఇస్తే ఎనిమిది సరిగ్గా చదవాలి, డిసెంబర్ లోపు, వారానికి మూడు సార్లు రిసోర్స్ రూమ్‌లో ఇరవై నిమిషాలు, శుక్రవారం చెకింగ్" అని ఉంటే పిల్లాడిని నిజంగా కూర్చోబెట్టుకుని చూసి రాశారని అర్థం. ఒక సెంటర్ ఇచ్చిన ప్లాన్‌లో మూడో పేజీలో వేరే పిల్లాడి పేరు ఉండటం నేను కళ్లారా చూశా, పైన పేరు మార్చారు, లోపల మర్చిపోయారు. పేజీలన్నీ చదవండి.

ఇంకో కన్ఫ్యూజన్ ఏంటంటే ఐఈపీ ఉంటే ఎగ్జామ్‌లో ఎక్స్‌ట్రా టైమ్ వస్తుంది అనుకుంటారు. టెన్త్ బోర్డ్ పరీక్షలో స్క్రైబ్ (పిల్లాడు చెప్తే రాసిపెట్టే మనిషి), అదనపు టైమ్ లాంటివి కావాలంటే బోర్డ్ అడిగేది డిజెబిలిటీ సర్టిఫికెట్, అది ప్రభుత్వ మెడికల్ అథారిటీ ఇచ్చేది, యూడీఐడీ కార్డ్, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే గుర్తింపు కార్డ్, కూడా దాంతోనే వస్తుంది. ప్రైవేట్ సెంటర్ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన కాగితం అక్కడ నడవదు. రెండు పనులూ పక్కపక్కనే మొదలెట్టండి, తొమ్మిదో క్లాస్ దాకా ఆగారంటే టెన్షన్ పడతారు.

అమెరికా నుంచి తిరిగొచ్చిన ఫ్యామిలీలు అక్కడి ఐఈపీ ఫైల్ పట్టుకొస్తారు. అక్కడ ఐడియా అనే చట్టం కింద పేరెంట్, క్లాస్ టీచర్, స్పెషల్ టీచర్, స్కూల్ డిస్ట్రిక్ట్ తరపు మనిషి కలిసి కూర్చుని రాస్తారు, స్కూల్ దానికి కట్టుబడి ఉండాలి. ఆ కాగితానికి ఇక్కడ ఆ బలం లేదు, కానీ పారేయొద్దు, పిల్లాడు ఎక్కడిదాకా వచ్చాడో అందులో ఉంటుంది, ఇక్కడి స్పెషల్ ఎడ్యుకేటర్‌కి సగం పని తగ్గుతుంది.

డబ్బులు ఎక్కువ పెట్టలేం అనుకుంటే సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ, 1984 నుంచి ఉంది, దేశమంతటా వాడే చెక్‌లిస్టులు కొన్ని అక్కడ తయారైనవే. పొద్దున్నే వెళ్లండి, పాత రిపోర్టులన్నీ జిరాక్స్ తీసుకుని. గవర్నమెంట్ స్కూల్ పిల్లలకైతే భవిత సెంటర్లు ఉన్నాయి, అవి ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి, అందులో ఐఈఆర్‌పీలు, అంటే ఈ పిల్లలకి నేర్పే రిసోర్స్ టీచర్లు ఉంటారు, హెడ్మాస్టర్‌ని అడిగితే ఏ సెంటరో చెప్తారు.

అసలు బయట చేయించుకురమ్మనే ముందు స్కూల్‌ని ఒక మాట అడగండి, మీ దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ లేరా అని. వైకల్యం ఉన్న పిల్లల్ని అందరితో కలిపి చదివించాలనే 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ స్కూళ్లకే కాదు, గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్లకీ వర్తిస్తుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం అయితే ప్రైమరీలో వైకల్యం ఉన్న పిల్లలు పది మందికి ఒకరు, ఆపై క్లాసుల్లో పదిహేను మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలంది. నోటితో అడిగి వదిలేయకుండా ప్రిన్సిపాల్‌కి లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంప్, తేదీ వేయించుకోండి. జవాబు రాకపోతే ఆ స్టాంప్ కాపీ పెట్టి రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి కంప్లైంట్ ఇవ్వొచ్చు, దానికి లాయర్ అక్కర్లేదు.