కాంపాక్ట్ కెమెరా మొరాయిస్తోందా? చెన్నైలో వాడేవాళ్లకు సమస్య - పరిష్కారం

సోనీ ఆర్‌ఎక్స్100, రికో జీఆర్ 3, కానన్ జీ7ఎక్స్ లాంటి జేబు కెమెరాలు కొన్నవాళ్లను అడిగి చూడండి. ఒకరు ప్రాణంలా చూసుకుంటారు, ఇంకొకరు డబ్బు దండగ అంటారు. కెమెరా మాత్రం ఒకటే. దండగ అన్నవాళ్లు చూపించే ఫొటోల్లో చాలావాటికి కారణం సెట్టింగు, లేదంటే మన చెన్నై గాలి. నిజంగా కెమెరా పాడైన సందర్భాలు తక్కువ. సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే ముందు అది ఏ రకమో తేల్చుకుంటే డబ్బూ టెన్షనూ రెండూ తగ్గుతాయి.

"రాత్రి ఫొటోలన్నీ అలుక్కుపోతున్నాయి"

ముందు ఫొటోని పెద్దది చేసి చూడండి. పాండీ బజార్‌లో దుకాణం బోర్డు స్పష్టంగా ఉండి, నడిచే మనిషి మాత్రం చెదిరితే షట్టర్ (వెలుతుర్ని క్షణంపాటు లోపలికి వదిలే తెర) వేగం చాల్లేదు. బోర్డూ మనిషీ ఒకే వైపుకి సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. కదలకుండా నిలబడ్డ మనిషి మసకగా ఉండి వెనక గోడ స్పష్టంగా ఉంటే ఫోకస్ గోడ మీదికి పోయింది.

జూమ్ ఉన్న కెమెరాల్లో మొదటి రెంటికీ కారణం ఎక్కువగా జూమే. 2012లో వచ్చిన మొదటి ఆర్‌ఎక్స్100నే తీసుకోండి. జూమ్ చెయ్యనప్పుడు దాని లెన్స్ ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు), పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 4.9 దగ్గరే ఆగిపోతుంది. అంటే లోపలికి వచ్చే వెలుతురు ఏడో వంతుకి పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది.

కాబట్టి చీకటి పడ్డాక జూమ్ మానేసి నాలుగడుగులు దగ్గరికి వెళ్లండి. ఆటో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) మెనూలో కనీస షట్టర్ వేగం 1/125 సెకను పెట్టండి, పరిగెత్తే పిల్లలకైతే 1/250. ఆ సదుపాయం లేని పాత మోడల్ అయితే ఎస్ మోడ్‌లో మీరే వేగం పెట్టుకోవచ్చు. ఐఎస్ఓని 3200 దాకా వెళ్లనివ్వండి. ఫొటో కాస్త గరుకుగా వస్తుంది, నిజమే. ఆ గరుకుని తర్వాత కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు గానీ చెదిరిన మొహాన్ని తిరిగి తెచ్చుకోలేం.

"రిసెప్షన్ ఫొటోల్లో అడ్డంగా చారలు"

టీ నగర్‌లో మా బంధువుల పెళ్లి రిసెప్షన్. పిన్ని కొడుకు కెమెరా పట్టుకొచ్చి, "అన్నయ్యా, సెన్సర్ పోయినట్టుంది, చూడు" అన్నాడు. పెళ్లికూతురి నుదుటి మీదుగా ఒక నల్లటి పట్టీ, మెడ దగ్గర ఇంకొకటి. మెనూ తెరిస్తే సైలెంట్ షట్టర్ (చప్పుడు చెయ్యని ఎలక్ట్రానిక్ షట్టర్) ఆన్‌లో ఉంది, వేగం 1/500. దాన్ని మెకానికల్‌కి మార్చి 1/100 పెట్టి, అదే వేదికని అక్కణ్నుంచే తీయమన్నాను. చారలు మాయం.

మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే చాలా ఎల్‌ఈడీ దీపాల వెలుగు సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని, అంటే ఫొటోని పట్టే చిప్‌ని, వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి, వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరుసలు నల్లబడతాయి. హాల్లో మెకానికల్ షట్టర్, 1/50 గానీ 1/100 గానీ వాడండి. వీడియోకైతే మెనూలో ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ కరెంటుకి సరిపోయే వీడియో పద్ధతి) తీసేసి పాల్ (50 హెర్ట్జ్‌కి సరిపోయేది), సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. కొన్ని సోనీ మోడళ్లలో ఈ మార్పు తర్వాత కార్డు ఫార్మాట్ చెయ్యమని అడుగుతుంది, ముందే ఫొటోలు కాపీ చేసుకోండి. పెద్ద ఎల్‌ఈడీ తెరల దగ్గర ఈ లెక్క కుదరకపోవచ్చు. అక్కడ వేగాన్ని కొద్దికొద్దిగా మార్చి చూడటమే దారి.

"బయటికి రాగానే లెన్స్ తెల్లబడింది"

ఏసీ గదిలో చల్లబడిన గాజు మీద మన సముద్రపు తేమ పట్టింది, అంతే. తుడిచినా మళ్లీ పడుతుంది. బయల్దేరే ముందే గదిలో జిప్ కవర్‌లో పెట్టి మూసేసి, బయట అరగంట అలాగే ఉంచండి. ఈలోగా కెమెరా ఆన్ చెయ్యొద్దు, లెన్స్ బయటికి వచ్చేటప్పుడు తేమ గాలిని లోపలికి లాగుతుంది.

లెన్స్ లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. లెన్స్ ఊడిరాని కెమెరా కాబట్టి ఇంట్లో చేసేదేమీ లేదు, సర్వీస్‌కే ఇవ్వాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో జాగ్రత్త పడితే అంతదాకా రాదు. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, లోపల తేమ 40 నుంచి 50 శాతం. లెదర్ కేసులో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

"లెన్స్ సగం వచ్చి ఆగిపోయింది"

బీసెంట్ నగర్ బీచ్‌కో మెరీనాకో వెళ్లొచ్చాక ఆన్ చేస్తే గరగరమని చప్పుడొచ్చిందా? ఇసుక. మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కకండి, లోపలి ప్లాస్టిక్ చక్రాల పళ్లు అరిగిపోతాయి. బ్యాటరీ తీసి, లెన్స్‌ని నేలవైపు పట్టి, రబ్బరు బ్లోయర్‌తో గొట్టాల సందుల్లో గాలి కొట్టండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది, కంప్రెసర్ గాలి ఇసుకని ఇంకా లోపలికి తోస్తుంది. ఆ తర్వాత ఒక్కసారి ఆన్ చేసి చూడండి. కదలకపోతే ఇది నిజమైన రిపేరే. రిచీ స్ట్రీట్‌లో కార్డులూ కేబుళ్లూ ధైర్యంగా కొనుక్కోవచ్చు గానీ, లెన్స్ విప్పించే ముందు ఎక్కడైనా సరే ఖర్చెంతో రాయించుకోండి.

"ప్రతి ఫొటోలో అదే చోట మచ్చ"

ఎఫ్ 11లో ఆకాశాన్ని తీయండి, తర్వాత లెన్స్‌ని పూర్తిగా తెరిచి తీయండి. మొదటి దాంట్లో కనిపించి రెండో దాంట్లో మాయమైతే సెన్సర్ మీద దుమ్ము. శుభ్రం చేయించేదాకా ఎఫ్ 4 దగ్గర తీసుకుంటూ పని నడిపించొచ్చు. ఫ్లాష్ ఫొటోల్లో చోటు మారుతూ వచ్చే తెల్ల చుక్కలు మాత్రం గాల్లోని దుమ్మే, వదిలేయండి.

"బ్యాటరీ పూట కూడా రావట్లేదు"

జీఆర్ 3కి కంపెనీ లెక్కే చార్జికి సుమారు 200 ఫొటోలు. లోపమేమీ లేదు, ఇంకో బ్యాటరీ కొనండి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం వెంటనే పక్కన పెట్టండి.

"దీనికన్నా ఫోనే నయం"

ఎక్కువగా వినపడేది ఇదే. కపాలీశ్వర గుడి గోపురం వెనక ఎండ, ముందు అమ్మ. ఫోన్‌లో గోపురమూ, మొహమూ రెండూ కనిపిస్తాయి, కెమెరాలో అమ్మ మొహం నల్లబడుతుంది. ఫోన్ వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తుంది, కెమెరా ఇచ్చేది ఒక్క ఫ్రేమే. రా ఫార్మాట్ (సెన్సర్ పట్టిన సమాచారమంతా అలాగే దాచే ఫైలు) ఆన్ చేసి, ఆకాశం తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) కొంచెం తగ్గించి తీయండి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో మొహం మీద వెలుగు పెంచండి. అప్పుడు చూడండి చీర అంచు జరీ పోగులు ఎంత విడివిడిగా కనిపిస్తాయో. ఈ కెమెరాలు కొనేది అందుకే. అంత ఓపిక లేదు, ఫొటోలు వాట్సాప్ దాటవు అనుకుంటే బిల్లూ డబ్బా ఉండగానే అమ్మేయండి. మెనూ తెరవకుండా మాత్రం అమ్మొద్దు.