అనంతపురం కథకు డైరెక్టర్‌ను వెతుక్కోవడం ఎలా?

చేతిలో కథ ఉంది. నలుగురు స్నేహితులం పోగేసిన కొద్దిపాటి డబ్బు ఉంది. డైరెక్టరే లేడు. అనంతపురంలో ఉండి పద్నాలుగు నెలలు వెతికాం. అందులో సగం మా తెలివితక్కువతనం వల్లే పోయింది.

1. ముందు కాగితం, తర్వాత ఫోన్

సింగిల్ లైన్ చెబితే ఎవరైనా "బాగుంది బ్రదర్" అంటారు. రెండు పేజీల కథ, డైలాగులతో పది సీన్లు, బడ్జెట్ అంకె సిద్ధం చేసుకున్నాకే ఫోన్ చేయండి. అంకె దాచొద్దు. మేం "అది చూసుకుందాం లెండి" అంటూ నెట్టుకొచ్చాం. మూడో మీటింగ్‌లో చెప్పగానే సగం టీ వదిలేసి లేచినవాళ్లున్నారు.

2. హైదరాబాద్ ఒక్కటే కాదు

అనంతపురానికి బెంగళూరు 210 కిలోమీటర్ల దూరం, హైదరాబాద్ 350 పైమాటే. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో షార్ట్ ఫిల్ములు తీసే సీమ పిల్లలు ఉన్నారు. కర్నూలు వాళ్లకైతే హైదరాబాదే దగ్గర. నాటకాల వాళ్లనూ కలవండి. సురభి నాటకం 1885లో పుట్టింది కడప జిల్లాలోనే. నటుల చేత పని చేయించడం రంగస్థలం వాళ్లకు బాగా తెలుసు, కెమెరా తెలిసిన అసోసియేట్‌ను తోడిస్తే సరిపోతుంది. తాడిపత్రి నుంచి కె.వి.రెడ్డి, పులివెందుల వైపు నుంచి బి.ఎన్.రెడ్డి మద్రాసు వెళ్లి డైరెక్టర్లయ్యారు. ఇప్పుడు మనకేమో డైరెక్టర్‌ను ఇక్కడికి రప్పించుకోవాల్సిన పని పడింది.

3. షార్ట్ ఫిల్మ్ రెండుసార్లు చూడండి

ఒకసారి సౌండ్ ఆపేసి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేకపోతే చాలా ఫిల్ముల్లో ఏమీ మిగలదు. ఇంకోసారి కళ్లు మూసుకుని డైలాగులు మాత్రమే వినండి.

4. సీమ అనగానే ఏం అడుగుతున్నాడు?

అసలు పరీక్ష ఇదే. మా కథ బోరు ఎండిపోయిన చెనిక్కాయ రైతుది. కథంతా విని ఒకాయన "ఫ్యాక్షన్ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. ఇంకొకాయన క్లైమాక్స్‌లో రెండు సుమోలు లేపుదామన్నాడు. సుమోల కిరాయి మా బడ్జెట్‌లో సగం! ఇంకొకతను పెన్ను తీసి, "బోరు బండి రాత్రిపూట ఊళ్లోకొస్తే ముందు ఎవరు నిద్ర లేస్తారు?" అని అడిగాడు. మాలో నలుగురం నాలుగు జవాబులు చెప్పాం. ఆ రోజు మీటింగ్ ఐదు గంటలు నడిచింది. మీ కథను పొగిడేవాడి కన్నా, దాని గురించి మీకే తెలియని సంగతి అడిగేవాడు మేలు.

5. ఒక రోజు, ఒక సీన్

నచ్చిన ఇద్దరికి ఒకే సీన్ ఇచ్చి, ఇక్కడి మనుషులతో, ఇక్కడి ఎండలో తీయమనండి. రోజు కూలీ ఇచ్చి తీయించండి, ఊరికే చేయించుకోవద్దు. ఫుటేజ్ ఒక్కటే చూడకండి. యూనిట్‌కు నీళ్లు అందాయా అని చూశాడా? మూడో టేక్‌కు అరిచాడా? మా సీన్‌లో ముసలమ్మ "యాడికి పోతాండావురా?" అంటే ఒకాయన "ఎక్కడికి వెళ్తున్నావు" అని దిద్దాడు. యాడికి అనే మండలమే ఉంది సార్ మా జిల్లాలో అన్నాం. నవ్వాడు, దిద్దడం మాత్రం మానలేదు.

6. అడ్వాన్స్ కన్నా ముందు అగ్రిమెంట్

మేం నోటి మాట మీద అడ్వాన్స్ ఇచ్చిన మొదటి డైరెక్టర్ పెద్ద అవకాశం రాగానే ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, కాగితం రాసుకోనిది మేమే. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే, డైరెక్టర్ కాదు. అందుకే టైటిల్ కార్డులో పేరు, ఎడిటింగ్‌లో చివరి మాట, ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపే హక్కు, మధ్యలో మానేస్తే అడ్వాన్స్ సంగతి విడివిడిగా రాసుకోవాలి. కథ వేరొకరి దగ్గర కొన్నదైతే ఇంకో మెలిక ఉంది. హక్కుల బదిలీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది. వేరే షరతు రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కులు రద్దయినట్టే. మా వెతుకులాటకే పద్నాలుగు నెలలు పట్టిందని గుర్తుంచుకోండి!

సంతకాలయ్యాక మొదటి ఫోన్ హీరోకు కాదు, బోరు బండి ఓనర్‌కు చేయండి. ఎండాకాలం మొదలైతే ఆయన దొరకడు.