కిడ్నీ క్యాంపుకి ముందు రోజు నుంచే జాగ్రత్తలు

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి తోటల పనులు ఊపందుకునే రోజుల్లోనే, మార్చి రెండో గురువారం, ప్రపంచ కిడ్నీ దినం వస్తుంది. ఆ వంకతో ఉచిత పరీక్షలు పెడుతుంటారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు: రక్తంలోంచి కిడ్నీలు వడకట్టే వ్యర్థం, కిడ్నీ చెడితే పెరుగుతుంది. కానీ ఆ అంకె సరిగ్గా రావాలంటే మన వైపు నుంచీ కొంత జాగ్రత్త కావాలి.

ముందు రోజు మాంసం తినకండి. వండిన మాంసం తిన్నాక కొన్ని గంటల పాటు క్రియాటినిన్ పెరిగి కనిపిస్తుంది. ఎండలో రోజంతా పనిచేసి, నీళ్లు సరిగ్గా తాగకపోయినా అంతే. సుగర్ కోసం పరగడుపున రమ్మంటే మానాల్సింది తిండి, నీళ్లు కాదు. బీపీ బిళ్ల రోజూలాగే వేసుకోండి. సుగర్ మందు వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక తిండితో పాటు వేసుకోవచ్చా అని అక్కడే అడగండి. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉంటే మూత్ర పరీక్ష అవి తగ్గాక చేయించుకోవడం మేలు.

వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ముఖ్యంగా ఒళ్లు నొప్పులకి షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు, నాటు మందులు. తిడతారని వాటిని దాచేవాళ్లే ఎక్కువ!

మూత్రంలో పరీక్ష పట్టీ ముంచి "బాగానే ఉంది" అంటే లేచి వచ్చేయకండి. సుగర్ వల్ల కిడ్నీ చెడేటప్పుడు సాధారణంగా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ముందు కనబడుతుంది. ఉద్దానం జబ్బులో చాలామందికి అది మూత్రంలో పెద్దగా కనబడదు. అందుకే రక్త పరీక్ష కూడా అడగండి.

ఇక అంకె సంగతి. క్రియాటినిన్ 1.2 అనుకుందాం. పాతికేళ్ల కుర్రాడికి లెక్క వేస్తే, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ సుమారు 86 వస్తుంది, ఫర్వాలేదు. అదే 1.2 అరవై ఏళ్ల ఆవిడకి దాదాపు 52. అరవై కన్నా తక్కువ, అంటే పట్టించుకోవాల్సిందే. కాబట్టి క్రియాటినిన్ ఒక్కటే రాసిస్తే ఈజీఎఫ్‌ఆర్ ఎంతో కూడా అడగండి.

ఒక్కసారి ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడి నీళ్లు తగ్గించేయొద్దు, పసరు మందుకి పరిగెత్తొద్దు. డాక్టర్ చెప్పినప్పుడు మళ్లీ చేయించుకోండి. మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. కాళ్లు, ముఖం వాచినా, మూత్రం బాగా తగ్గినా మాత్రం ఆ మూడు నెలలు ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రిపోర్టు చేతికి రాగానే ఫోన్లో ఫొటో తీసుకోండి. మా చిన్నాన్న ఆ కాగితాన్ని పంచె మడతలో దోపుకుని నేరుగా తోటకి వెళ్లిపోయాడు. సాయంత్రానికి చెమటకి తడిసి, 1 పక్కన చుక్క వరకే మిగిలింది. చుక్క తర్వాత ఎంతో తెలియక మళ్లీ రక్తం ఇచ్చాడు.