ముధోల్ వేటకుక్కను పెంచడం ఎలా? గొలుసు విప్పేముందు చదవాల్సినవి

ముధోల్ హౌండ్‌ను చాలామంది ఫోటో చూసి కొంటారు. సన్నటి పొడవాటి ముఖం, లోతైన ఛాతీ, లోపలికి పోయిన నడుం, కొస వంపు తిరిగిన తోక, నిజంగానే చూడముచ్చటగా ఉంటుంది. ఏడాది తిరక్కముందే "మాట వినట్లేదండీ, గేటు తీస్తే చాలు మాయమైపోతోంది, ఎవరైనా తీసుకుంటారా" అని ఫోన్లు మొదలవుతాయి. లోపం కుక్కలో ఉండదు. దాన్ని లాబ్రడార్‌ను పెంచినట్టు పెంచి ఉంటారు.

ముందు ఇది ఏ కుక్కో తెలుసుకోండి

ఇది మన నిర్మల్ జిల్లా ముధోల్‌ది కాదు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్‌ది. పశ్చిమాసియా సలూకీ లాంటి కుక్కలు వ్యాపారులతో, సైన్యాలతో దక్కన్‌కు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయని చెబుతారు. పల్లెల్లో వేటగాళ్ల దగ్గరున్న ఆ కుక్కలను ముధోల్ సంస్థానం రాజు మాలోజీరావు ఘోర్పడే చేరదీసి జాతిని నిలబెట్టాడు. బ్రిటన్ రాజు ఐదో జార్జికి ఒక జంటను బహూకరించాడు కూడా. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా మాత్రం ఈ జాతిని కారవాన్ హౌండ్ పేరుతో నమోదు చేస్తుంది. అందుకని కాగితాల మీద ఆ పేరు కనిపిస్తే మోసం అనుకోకండి. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు వేసింది. సైన్యం కూడా కొన్నింటిని మీరట్‌కు తీసుకెళ్లి తర్ఫీదు ఇచ్చింది.

ఇంత చరిత్రలో పెంచేవాళ్లకు పనికొచ్చే ముక్క ఒక్కటే. ఇది వాసన పట్టి వెతికే కుక్క కాదు, కంటితో చూసి తరిమే కుక్క. దూరంగా ఏదో చటుక్కున కదిలితే చాలు, ఆలోచించకుండా కాళ్లు లేస్తాయి. ఈ రకం కుక్కలకు వందల ఏళ్లుగా మనుషులు నేర్పిందే అది. మీరు వారం రోజుల్లో మాన్పించలేరు.

పిల్లను తెచ్చుకోవడం

రెండు నెలలు నిండని పిల్లను తీసుకోవద్దు. తల్లిని చూపించని చోట అసలు కొనొద్దు. ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది, ముందు అక్కడ అడగండి. పిల్లల్లో మూలకు నక్కేది కాకుండా, కొంచెం ఆగి అయినా సరే మీ దగ్గరికొచ్చి వాసన చూసేదాన్ని ఎంచుకోండి. ఈ జాతి కొత్తవాళ్లతో అంటీముట్టనట్టు ఉంటుంది. పుట్టుకతోనే బెదురు ఎక్కువైతే పెద్దయ్యాక కరిచే దాకా వెళ్తుంది. టీకాలు, నులిపురుగుల మందు డాక్టరు చెప్పిన తేదీలకే వేయించండి. పార్వో (కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే వైరస్ జబ్బు) టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపకండి.

సామాన్లు

వెడల్పాటి మెడపట్టీ, ఆరడుగుల లీష్, ఛాతీకి వేసే హార్నెస్, పది మీటర్ల తాడు, మెత్తటి పరుపు. పరుపు విలాసం కాదు. దీనికి ఒంట్లో కొవ్వు ఉండదు కాబట్టి బండల మీద పడుకుంటే మోచేతులు కాయలు కాసి పుండ్లు పడతాయి. పాత బొంత నాలుగు మడతలేసినా సరిపోతుంది.

మామూలు పట్టీ పనికిరాదు. ఈ కుక్కకు తల సన్నం, మెడ దాదాపు తలంత లావు. వెనక్కి ఒక్క గుంజు గుంజిందంటే పట్టీ మీ చేతిలో ఉంటుంది, కుక్క రోడ్డు మీద ఉంటుంది. లాగితే కాస్త బిగుసుకుని వదిలితే సడలే మార్టింగేల్ పట్టీ కొనండి. ఇనుప గొలుసు వద్దు. బటన్ నొక్కితే సాగే లీష్ అంతకన్నా వద్దు. గంటకు 40 కిలోమీటర్లు అనుకున్నా సెకనుకు 11 మీటర్లు. ఆ వేగంతో వెళ్లి తాడు కొసన ఆగితే ముందు దాని మెడ, తర్వాత మీ భుజం పోతాయి.

తిండి

ముధోల్ పల్లెల్లో జొన్నరొట్టె, మొక్కజొన్నరొట్టె, పాలు, గుడ్డుతో పెంచుతారు. ఇంట్లో అయితే ఉడికించిన చికెన్, గుడ్డు, కొద్దిగా అన్నం, పెరుగు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ ఎంత అడిగినా పెట్టొద్దు. రోజుకు రెండుసార్లు పెట్టండి.

చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తే అది ఆరోగ్యం. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "పాపం, తిండి పెట్టడం లేదా" అంటారు. వాళ్ల మాట విని బలిపించకండి. బరువెక్కిన ముధోల్‌కు పరుగులో కీళ్లు దెబ్బతింటాయి. అయితే తుంటి ఎముకలు, వెన్నుపూసలు అన్నీ పొడుచుకొచ్చి, కండ కూడా కరిగిపోతుంటే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.

అసలు కష్టం: వదిలి పరిగెత్తించడం

ఇక్కడ తొందరపడకండి. పాడయ్యేదంతా ఇక్కడే.

ముందుగా, ఏం చేయకూడదో చెబుతాను. స్కూటీకి కట్టి పరిగెత్తించడం మానండి. సిటీలో పొద్దున్నే ఈ దృశ్యం కనిపిస్తుంది, చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ కుక్క శరీరం ఒక్కసారిగా దూసుకెళ్లి ఆగడానికి తయారైంది, తారు రోడ్డు మీద అదే పనిగా బండి వెనక దౌడు తీయడానికి కాదు. అరికాళ్ల చర్మం ఊడుతుంది, లేతవయసులో ఎముకల పెరుగుదల దెబ్బతింటుంది. ఏడాది దాటేదాకా గట్టి నేల మీద సుదీర్ఘమైన పరుగు వద్దు. పిల్ల దానంతటది ఆడుకుని అలిసిపోతే చాలు.

పిలిస్తే రావడం మాత్రం మొదటి వారం నుంచే నేర్పాలి. ఒకే మాట పెట్టుకోండి, "దా" అనుకోండి. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. ఒకరు "దా", ఒకరు "కమ్", ఇంకొకరు పేరు పెట్టి అరిస్తే కుక్కకు ఏమీ అర్థం కాదు. "దా" అని అది రాగానే వేలిగోరంత ఉడికించిన కోడి కార్జం ముక్క నోట్లో పెట్టండి. ఏళ్ల తరబడి పెట్టండి. స్నానం చేయించడానికో, తిట్టడానికో, మందు వేయడానికో ఆ మాటతో ఎప్పుడూ పిలవకండి. ఆ పనులకు మీరే లేచి దాని దగ్గరికి వెళ్లండి.

నాలుగు నెలల పిల్ల ఎలాగూ వెనకే తిరుగుతుంది. అది చూసి "మాది బాగా వింటుందండీ" అని ఖాళీ ప్లాట్లలో వదిలేస్తారు. ఏడు, ఎనిమిది నెలలకు తరిమే బుద్ధి పూర్తిగా నిద్ర లేస్తుంది. అప్పుడు ఒక పిల్లి అడ్డం వస్తుంది. అంతవరకు నేర్చుకున్నదంతా ఆ క్షణంలో ఉండదు. కన్ను ఒకదాని మీద పడ్డాక చెవి మూసుకుపోతుంది. మొండితనం కాదు, ఆ తలలో మీ గొంతుకు చోటుండదు అంతే.

అందుకే ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా బయట ఎక్కడైనా పది మీటర్ల తాడు ఉండాలి. తాడును హార్నెస్‌కే తగిలించండి, మెడపట్టీకి ఎప్పుడూ కాదు. చేతికి గ్లౌజులు వేసుకోండి, తాడును వేళ్లకు చుట్టుకోకండి. దూరంగా ఉన్నదాన్ని చూసినప్పుడు కుక్క ముందే చెబుతుంది. చెవులు నిక్కుతాయి, మెడ సాగుతుంది, తోక ఆగిపోతుంది, కొన్నిసార్లు ఒక ముందుకాలు గాల్లోకి లేస్తుంది. మీకున్నది ఆ ఒక్క సెకను. అప్పుడు "దా" అని మీరు వెనక్కి తిరిగి నడవండి. తల తిప్పి వచ్చిందా, కార్జం ముక్కలు ఒకటి కాదు, గుప్పెడు పెట్టండి. రాలేదా, మళ్లీ మళ్లీ అరవకండి, తాడు పట్టుకుని నిలబడండి. వినిపించుకోని పిలుపు ఎన్నిసార్లు పిలిస్తే ఆ మాట అంత చచ్చుబడుతుంది.

షాక్ కొట్టే కాలర్ అమ్మేవాళ్లు వస్తారు. తరుముతున్న కుక్కకు ఆ నొప్పి సరిగ్గా తెలియనే తెలియదు. తెలిస్తే ఎదురుగా కనిపించినదాని వల్లే నొప్పి వచ్చిందనుకుని, అది పక్కింటి పిల్లాడైతే వాడి మీద కోపం పెట్టుకుంటుంది. కార్జం ఖర్చు దానికన్నా తక్కువ.

తాడు లేకుండా వదలడానికి చుట్టూ ఆరడుగుల ప్రహరీ ఉన్న స్థలం మాత్రమే చూడండి. నాలుగడుగుల గోడ దీనికి గోడే కాదు. వదిలేముందు మీరు ఒకసారి లోపలంతా నడిచి రండి: ముళ్లకంచె, గట్టు లేని బావి, గాజుపెంకులు, మేకలు, కోళ్లు. దీని చర్మం చాలా పల్చన. ముళ్లతీగకు తగిలితే చీలిక కుట్లదాకా పోతుంది. వేసవిలో ఎండెక్కకముందే ముగించండి.

ఒకవేళ తప్పించుకుని పరిగెత్తిందంటే వెంటపడకండి, మీరు అందుకోలేరు, పైగా ఆట అనుకుంటుంది. ఎక్కడ విడిపోయారో అక్కడే ఉండండి. తరిమినది దొరక్కపోతే చాలావరకు అక్కడికే తిరిగి వస్తుంది. ఎంత ఆలస్యమైనా సరే, వచ్చాక చెయ్యి ఎత్తకండి. పారిపోయినందుకు కొట్టారని దానికి తెలియదు, తిరిగొచ్చినందుకు కొట్టారనే తెలుస్తుంది. వీటిని ఒక్కసారి కొట్టినా నెలల తరబడి దగ్గరికి రానివ్వవు.

ఇంకొకటి. వీడియోలు చూసి కుందేళ్ల మీదికి వదలాలని సరదా పడుతుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపకపోయినా, తరమడం కూడా వేటే. కేసు మీ మీదే పడుతుంది. దూరంగా తాడుకు కట్టిన గుడ్డపేలికను లాగుతూ తరిమించండి, దానికి తేడా తెలియదు.

పరుగు తర్వాత

పరుగుకూ తిండికీ మధ్య గంటకు పైగా ఎడం ఉండాలి, ముందైనా తర్వాతైనా. ఛాతీ లోతుగా ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పొట్ట బిగిసి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాక, ఒక చోట నిలవలేక తిరుగుతుంటే ఇంటి వైద్యం వద్దు, వాము నీళ్లు వద్దు. ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి. ఆలస్యమైతే గంటల్లోనే ప్రాణం పోతుంది.

ఇంటికి రాగానే చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. పిడుదుల జ్వరం చాలా కుక్కల ప్రాణం తీస్తోంది. గోళ్లు నేలకు తగిలి టకటకమంటుంటే కత్తిరించే సమయం దాటిపోయిందని అర్థం.

ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సి వస్తే, ఇది కంటితో వేటాడే జాతి, సైట్‌హౌండ్ అని డాక్టరుకు ముందే చెప్పండి. థయోపెంటోన్ లాంటి మత్తుమందుల నుంచి ఇవి మిగతా కుక్కలకన్నా చాలా నెమ్మదిగా తేరుకుంటాయి. వేరే మందులు ఉన్నాయి. ఆ ఒక్క మాటను కుక్క టీకాల పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, రాత్రిపూట ఆసుపత్రికి పరిగెత్తే టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు.