విష పరీక్షకు వెంట్రుకలు తీసే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీకి పంపే వెంట్రుకలు పరీక్షకు పనికొస్తాయా లేదా అన్నది చాలావరకు కత్తెర పట్టకముందే తేలిపోతుంది. ఆ వ్యక్తి ఈమధ్య తిరుమలలోనో యాదగిరిగుట్టలోనో తలనీలాలు సమర్పించారా, జుట్టుకు రంగు, బ్లీచింగ్ వేయించుకున్నారా అని ముందే అడిగి రాసుకోవాలి. బ్లీచింగ్‌తో మత్తుమందు ఆనవాళ్లు బాగా తగ్గిపోతాయి. తలపై జుట్టు లేకపోతే ఒంటి వెంట్రుకలు తీసుకోవచ్చు గానీ, మందు ఏ నెలలో వాడారో వాటితో చెప్పడం కుదరదు.

తల వెనుక పైభాగం నుంచి పెన్సిల్ మందమంత పాయను, పీకకుండా, చర్మానికి ఆనించి కత్తిరించి, కుదురు వైపు దారంతో కట్టాలి. జుట్టు నెలకు సుమారు 1 సెం.మీ. పెరుగుతుంది కాబట్టి, కుదురు ఎటో కొస ఎటో తెలియకపోతే విషం ఎప్పుడు ఒంట్లో చేరిందో చెప్పే ఆధారమే పోతుంది. అన్నిటికంటే బాధపెట్టే పొరపాటు ఇదే, ఎందుకంటే దీన్ని తర్వాత ఎవరూ సరిదిద్దలేరు. ఒక్కసారే మత్తు ఇచ్చారన్న అనుమానముంటే రక్తం, మూత్రం వెంటనే సేకరించి, వెంట్రుకల కోసం 4 నుంచి 6 వారాలు ఆగాలి.

ఆర్సెనిక్ అనే విషం బయటి నీటి నుంచి, మట్టి నుంచి కూడా జుట్టుకు అంటుతుంది, కడిగినా పూర్తిగా వదలదు. అందుకే పూడ్చిన శవమైతే చుట్టుపక్కల మట్టిని కూడా విడిగా పంపాలి. నమూనాను ఫ్రిజ్‌లో పెట్టకుండా, పొడి కాగితపు కవరులో సీలు వేసి, తేదీతో సంతకం చేయించాలి.