యూరియా ఐస్ ప్యాకెట్ చల్లబడలేదా?

ఈ ప్యాకెట్‌లో యూరియా గుళికలు, వాటి మధ్య ఓ చిన్న నీళ్ల సంచి ఉంటాయి; పిండితే సంచి పగిలి, గుళికలు నీళ్లలో కరిగి ప్యాకెట్ చల్లబడాలి. పని చేయలేదని ప్యాకెట్ తెచ్చిన ప్రతివారినీ ముందు ఒకటే అడుగుతాను: పిండే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపారా? గుళికలు గలగలమనాలి. ఊపి చూసినవారు ఇంతవరకు ఇద్దరో ముగ్గురో.

గలగల లేదు, లోపల ముద్ద. ఇది నన్ను బాగా దెబ్బతీసింది. కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునే పిల్లల కోసం పది ప్యాకెట్లు కట్టాను. చీలమండ బెణికిన పిల్లాడి కాలి మీద పెడితే మొదటిది గోరువెచ్చగా ఉంది. పదింటిలో ఆరు అంతే. లోపలి నీళ్ల సంచిని కొవ్వొత్తి మంట మీద హాక్సా బ్లేడు ఆనించి అతికించాను. అతుకు మూలలో సూదిమొనంత సందు మిగిలింది. యూరియా కరిగేటప్పుడే చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, అదీ ఒక్కసారే. వారం రోజులుగా అలమారలో బొట్టుబొట్టుగా కరిగి, ఆ పని ఎవరికీ తెలియకుండా ముగించేసింది.

సంచులను రాత్రంతా పాత పేపరు మీద పెట్టి పరీక్షించాను కూడా. తెల్లారేసరికి పేపరు పొడిగానే ఉంది. కారిన చెమ్మను ఫ్యాను గాలి ఆరబెట్టేసిందని తర్వాత అర్థమైంది. ఇప్పుడు ఆ నీళ్లలో నీలి సిరా చుక్క వేస్తాను, సంచి మీద పుస్తకం బరువు పెడతాను. తడి ఆరినా నీలి మరక ఆరదు. మరక పడిన సంచిని పారేయండి. మిగతావాటికి వేలెడు ఎడంగా రెండో అతుకు వేయండి.

అతుకు బాగున్నా ముద్ద కట్టిందంటే యూరియా బస్తా మూతి తెరిచి ఉంచారన్నమాట. 30 డిగ్రీల వద్ద గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే యూరియా నీరు పీల్చుకుంటుంది. శ్రీకాకుళం తీరాన వానాకాలంలో అంత తేమ మామూలే. పొడిగా ఉన్న గడ్డలను చితక్కొట్టి వాడుకోవచ్చు. చెమ్మగిల్లినది పొలానికే.

కొంచెమే చల్లబడింది. నీళ్లు ఎక్కడివి? 100 మిల్లీలీటర్లకు 80 గ్రాములు కలిపితే సుమారు 20 డిగ్రీలు తగ్గుతుంది. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు 40 డిగ్రీలుంటే దిగేది 20కే. ప్యాకెట్‌ను వాడేదాకా నీడలో, కుండ పక్కన ఉంచండి.

యూరియా గుళికల మీదుండే వేప నూనె పూత మీద నెపం వేయకండి, అది నీటిలో కరగడాన్ని ఆపదు. అమ్మోనియం నైట్రేట్ ఇంకా చల్లబరుస్తుంది గానీ 2012 నుంచి దానికి లైసెన్సు కావాలి, ఆ జోలికి పోవద్దు.

వాడేసిన నీళ్లను మాత్రం పశువుల తొట్టి దగ్గర పారబోయకండి. ఆ నీళ్లు తాగితే పశువు ప్రాణం పోవచ్చు.